టర్కీ మనిషికి నేను వేసిన రంగు

వినుకొండ నుంచి చీరాలకు ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. ఉదయం ఆరింటి ప్యాసింజరు అందుకుంటే చాలు. నేను అందుకున్నది టర్కీలో పెద్ద భూకంపం వచ్చిన ఏడాది, పత్తి తీతలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం.

వెళ్లడానికి కారణం మా తొమ్మిదో తరగతి రూతు. అంతకు పది రోజుల ముందు బళ్లో క్విజ్ పెట్టాం. ప్రశ్నలు పంపింది నాకు బీఈడీలో పాఠాలు చెప్పి ఇప్పుడు చీరాలలో ఉంటున్న మాస్టారు, చదివింది సోషల్ టీచర్నైన నేను. "టర్కీ ప్రజలు ఏ జాతివారు?" అని అడిగాను. కాగితం మీద జవాబు 'పసుపుజాతి' అని ఉంది. రూతు లేచి, "మొహం చూసి చెప్పలేం మేడమ్. పేపర్లో భూకంపం ఫొటోలు చూశాను, ఒక్కొక్కళ్లు ఒక్కో రకంగా ఉన్నారు" అంది. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి ఆ పిల్ల బడి మానేసి తల్లితో పత్తి తీతకు పోతోంది. జవాబు తప్పని మాస్టారి చేతే రాయించి, ఆ ఉత్తరం చూపించి రూతును బడికి తేవాలని పంతం పట్టాను. తను బెంచీలో వదిలేసిన నోటుబుక్కు కూడా సంచిలో పెట్టుకున్నాను. ఆ ఫొటోలన్నీ అందులోనే అంటించి ఉన్నాయి.

ఏడుంబావుకు నరసరావుపేటలో దిగాను. బస్టాండు ఎదుట ఇడ్లీ వేడిగా ఉంది, అల్లం పచ్చడి మాత్రం నీళ్లు. చిలకలూరిపేటలో బస్సు మారి, పర్చూరు మీదుగా చీరాల వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని నోటుబుక్కు తెరిచాను. పక్కసీటు రైతు పురుగుమందు డబ్బా కాళ్ల మధ్య పెట్టుకుని తొంగిచూశాడు.

"ఎవరమ్మా వీళ్లు? మార్వాడీ సేట్లా?"

వెనక సీట్లోని బురఖా ఆవిడ ఫొటోలో రొట్టె పట్టుకుని నిలబడ్డ ముసలామెను చూసి, "అచ్చం మా అత్తగారండీ! ఆ చూపు చూడండి" అంది. కండక్టరు టికెట్ కొడుతూ ఇంకో ఫొటోలోని పిల్లవాడి మీద వేలు పెట్టాడు. "వీడు ఇంగ్లీషోడండీ, పందెం!"

పసుపు అని ఒక్కరూ అనలేదు. నాకు ధైర్యం పెరిగింది. పర్చూరులో పొగాకు నారు మూటలు దించడానికి బస్సు పావుగంట ఆగితే, మాస్టారితో ఏం మాట్లాడాలో రెండుసార్లు వల్లె వేసుకున్నాను.

పదిన్నరకు చీరాల. మగ్గాల చప్పుడు వినిపించే సందులో మాస్టారి ఇల్లు. మజ్జిగ ఇచ్చి, ఫొటోలన్నీ ఓపిగ్గా చూశారు.

"వాళ్ల పూర్వీకులు మధ్య ఆసియా నుంచి గుర్రాల మీద వచ్చారు కదమ్మా. అందుకని పాత పుస్తకాల్లో పసుపుజాతి అన్నారు."

"తెల్లజాతి అన్న పుస్తకాలూ ఉన్నాయి కదండీ?"

"ఉన్నాయి. రాసేవాడికి వాళ్లతో పేచీ ఉంటే పసుపు, సఖ్యత ఉంటే తెలుపు!" అని నవ్వారు.

"మరి మీరు పసుపే ఎందుకు పెట్టారు?"

ఆయన లోపలికి వెళ్లి చుట్టచుట్టిన చార్టు తెచ్చి పరిచారు. "నీ చార్టు చూసే పెట్టానమ్మాయ్."

'ప్రపంచ మానవ జాతులు'. మూలన నా పేరు, రోల్ నంబరు. టర్కీ మనిషికి సన్నని కళ్లు, వేలాడే మీసం, చేతిలో కత్తి, ఒళ్లంతా పసుపు. అప్పుడు గుర్తొచ్చింది. బీఈడీ హాస్టల్లో ఆ రాత్రి రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెప్పాయి. తెల్లారితే చార్టు ఇవ్వాలి. నా రంగుల పెట్టెలో తెలుపు ఎండిపోయింది, పసుపు సీసా నిండుగా ఉంది. మాస్టారు పూర్తి మార్కులు వేశారు.

సిగ్గేసింది. అయినా లేవలేదు. "నేను తప్పు వేశాను, మీరు తప్పు అడిగారు. రాసివ్వండి మాస్టారూ" అన్నాను. "దీనికోసం ఇంత దూరం వచ్చావా?" అని గొణుక్కుంటూనే రాసి సంతకం పెట్టారు. చార్టు కూడా అడిగి తీసుకున్నాను.

స్టేషను రోడ్డులో భోజనం చేసి ఒంటిగంట బస్సెక్కాను. చార్టు ఎక్కడ నలుగుతుందోనని దారంతా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. వినుకొండలో దిగేసరికి ఆరయింది. ఇంటికి వెళ్లకుండా నేరుగా రూతు వాళ్లింటికి నడిచాను. తను గడపలో కూర్చుని ఉంది. పత్తికాయల మొనలకు వేళ్లన్నీ గీరుకుపోయాయి. ఉత్తరం మొత్తం చదివి, మడిచి, నాకే ఇచ్చేసింది.

"ఈయన నన్ను చూడను కూడా లేదు కదా మేడమ్. నవ్వింది మీరు."

చార్టు విప్పి గడపలో పరిచాను. "ఇది వేసింది నేనే. అప్పటికి ఒక్క టర్కీ మనిషిని కూడా చూడలేదు, ఇప్పటికీ చూడలేదు. నిన్ను మాత్రం రోజూ చూస్తున్నాను. అయినా నవ్వాను. తప్పయిందమ్మా."

రూతు బొమ్మ మీదికి వంగి కత్తి మీద వేలు పెట్టింది.

"ఈ కత్తి ఎందుకు మేడమ్?"

"నాకూ తెలీదు."

"ఇదంతా రేపు క్లాసులో చెప్తారా?"

"చెప్తాను. ఈ చార్టు కూడా చూపిస్తాను."

"అయితే నా నోటుబుక్కు ఇవ్వండి" అని చెయ్యి చాపింది.

వెళ్లదలచినవాళ్ల కోసం రాస్తున్నాను. వినుకొండ నుంచి చీరాలకు రైలూ బస్సులూ కలిపి నాలుగున్నర గంటలు. మా బడి నుంచి రూతు ఇంటికి పావుగంట నడక. ఆ పావుగంట దూరం నడవడానికి నాకు పది రోజులు పట్టింది.