తెర మింగేసిన తామరపువ్వు

దెయ్యాలంటే నాకు ఏ రోజూ నమ్మకం లేదు. మా నరసాపురంలో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలెడితే వాళ్లను ఏడిపించి వదిలేవాణ్ణి. ఇప్పుడు మాత్రం నమ్ముతున్నానని కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో నేను చేసిన వెధవ పని ఒకటుంది, దాన్నీ దాచను.

రెండువేల మూడు ప్రాంతం. బస్టాండు దగ్గర నాకో చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. టైపింగు, పరీక్షల రిజల్ట్సు, ఎవరైనా అడిగితే వెబ్ పేజీ తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టడం. పేజీల పని ఓ పుస్తకం చూసి సగం నేర్చుకున్నాను. మిగతా సగం వచ్చినట్టు నటించేవాణ్ణి.

కాంతమ్మ గారు మా వీధిలో లేసు అల్లే పెద్దావిడ. అందరం మామ్మగారనే పిలిచేవాళ్లం. గుండ్రటి టేబుల్ క్లాత్ మీదకి ఆవిడ సొంతంగా కట్టిన తామరపువ్వు డిజైను ఒకటుండేది. లేసు కొనే ఏజెంట్లు అడిగి మరీ తీసుకెళ్లేవారు. ఏ వరసలో ఎన్ని కుట్లు వెయ్యాలో ఆవిడకు తప్ప ఎవరికీ తెలీదు. కోడలు పద్మక్కకు కూడా పువ్వు భాగం రాదు. కొడుకు పోయాక అత్తాకోడళ్లిద్దరూ ఆ పని మీదే బతుకుతున్నారు. చూపు మందగించేసరికి మామ్మగారికి బెంగ పట్టుకుంది. చెదపట్టిన నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, తన తరవాత పద్మ చూసుకుని అల్లుకునేలా అంతా కంప్యూటర్లోకి ఎక్కించమంది.

పువ్వు వరసల్లో ఆవిడ కుట్ల సంఖ్యలకు అటూ ఇటూ కోణం గుర్తులు పెట్టేది, స్కూల్లో లెక్కల్లో చిన్నది, పెద్దది అని వేస్తామే, అవి. ముందుకు అల్లాలా, వెనక్కి తిరగాలా అన్నది ఆ గుర్తులే చెబుతాయట. నేను ఉన్నదున్నట్టు టైపు చేశాను. వెబ్ పేజీలో ఆ రెండు గుర్తుల మధ్య ఏం రాసినా బ్రౌజరు తనకిచ్చిన ఆజ్ఞ అనుకుంటుంది, తెర మీద చూపించదు. చూపించాలంటే గుర్తు బదులు దానికున్న కోడు రాయాలి. ఆ సంగతి నాకు తెలుసు. బద్ధకించాను, అంతే.

పేజీ తెరిస్తే పువ్వు ఉండాల్సిన చోట వరస నంబర్లు, వాటి పక్కన ఖాళీ. మామ్మగారు నా పక్కనే కూర్చుని ఉంది. ఆవిడకు తెర మీద మసక తప్ప ఏమీ కనబడదు.

"అంతా ఎక్కిందా బాబూ? ఇంక పుస్తకం గోదారమ్మకి ఇచ్చెయ్యొచ్చా?" అంది. రాసిన కాగితం చెత్తలో వెయ్యకూడదు, కాళ్లకు తగలకూడదు, గోదాట్లోనే కలపాలి అని ఆవిడ పట్టింపు.

"అంతా ఎక్కిందండీ మామ్మగారూ," అన్నాను. బయట ఇద్దరు కస్టమర్లు కాచుకుని ఉన్నారు. ఫైల్లో రాత ఉందిగా, సాయంత్రం పది నిమిషాల్లో సరిచేద్దాంలే అనుకున్నాను.

సాయంత్రం చెయ్యలేదు. నెల తరవాత ఫైలు తెరిస్తే అందులోనూ ఆ రాత లేదు. పేజీలు తయారుచేసే ఆ సాఫ్టువేరు, తనకు అర్థంకాని గుర్తులను వాటి మధ్య ఉన్న సంఖ్యలతో సహా సేవ్ చేసేటప్పుడే తుడిచేసింది. పుస్తకమేమో పసుపు కుంకుమలతో రేవులో ఎప్పుడో మునిగిపోయింది.

అప్పుడైనా వెళ్లి చెబితే మామ్మగారు నోటితో చెప్పేసేది, నేను రాసుకునేవాణ్ణి. సిగ్గేసింది. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ వాళ్ల ఇంటి ముందు తలొంచుకుని సైకిలు తొక్కాను. ఆ వర్షాకాలంలో జ్వరమొచ్చి ఆవిడ పోయింది.

పెద్దకర్మ అయిన కొన్నాళ్లకు, మధ్యాహ్నం పూట పద్మక్క కొత్త నోటుబుక్కు పట్టుకుని సెంటర్‌కి వచ్చింది. ఏజెంటు తామరపువ్వు క్లాతు అడిగాడట. అల్లలేకపోతే ఆ పని వేరేవాళ్లకు ఇచ్చేస్తాడట. "కాస్త చదివి పెట్టు తమ్ముడూ, రాసుకుంటాను," అంది.

ఖాళీలు చూపించి నిజం చెప్పేద్దామనే పేజీ తెరిచాను. ఖాళీలు లేవు. కోణం గుర్తులు, కుట్ల సంఖ్యలు, అన్నీ ఉన్నాయి.

చదవడం మొదలుపెట్టాను. పద్మక్క రాసుకుంటోంది. మధ్యలో అనుమానమొచ్చి ప్రింటు కొట్టాను. కాగితం మీద మాత్రం ఖాళీలే వచ్చాయి. అది పద్మక్క కంటబడకుండా టేబులు కింద పడేశాను. తెర మీద ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆఖరి వరస దాకా చదివాను.

పద్మక్క అటు వెళ్లగానే పేజీ మళ్లీ తెరిచాను. పువ్వు లేదు. ఫైలు వెతికాను, అందులోనూ లేదు.

పాత కాపీ ఏదో కంప్యూటర్లో మిగిలిపోయి ఉంటుందిలే అని నా స్నేహితుడొకడు తేల్చేశాడు. వాడికి నేనొక విషయం చెప్పలేదు. నోటుపుస్తకంలో చివరి పేజీ నేనసలు టైపే చెయ్యలేదు. విసుగొచ్చి వదిలేశాను. ఆ వరసలు కూడా ఆ రోజు నేను చదివాను.

క్లాతు పూర్తయ్యాక పద్మక్క తెచ్చి చూపించింది. ఒక్క కుట్టు తేడా రాలేదంది. "ఆ అబ్బాయి దగ్గర పెట్టాను, ఇంక నాకు బెంగ లేదని అత్తయ్య అంటూ ఉండేది తమ్ముడూ," అని కళ్లు తుడుచుకుంది. అప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను. ఛీ, ఎలా నవ్వానో!

ఆ వరసలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. కోడలి కోసం వచ్చాయనుకుంటే సరిపోను. కానీ ఆ మధ్యాహ్నం పద్మక్క ముందు నా పరువు కూడా నిలబడిపోయింది. మామ్మగారు ఒక్కసారి కనబడి నన్ను చెడామడా తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.