నీలం వైరు సారు

చీపురుపల్లి నుంచి రైలెక్కి వెళ్లి మేం చేరిన ఇన్‌స్టిట్యూట్‌లో నెట్‌వర్కింగ్ సారు చేతిలో ఎప్పుడూ ఒక నీలం కేబుల్ ముక్క ఉండేది. హ్యాకింగ్ ఎప్పుడు చెబుతారని అడిగితే దాన్ని ఊపుతూ, "ముందు దీన్లోంచి ఏటి ఎలాగ ఎల్తాదో తెలుసుకోండ్రా" అనేవారు. "హ్యాకింగ్ నేర్పబడును" అని బోర్డు రాయించింది మాత్రం ఓనరు.

ఒక షావుకారు ఈమెయిల్‌ని ఎవడో హ్యాక్ చేస్తే, పోలీసులు ఆ బోర్డు చూసి సారుని పట్టుకెళ్లారు. చేసింది వేరేవాడని తేలాక, వాచిన చెంపతో వదిలిపెట్టారు.

మర్నాడు క్లాసు కొత్త ముఖాలతో కిక్కిరిసింది.

"ఐపీ అడ్రసంటే ఏటి?" అని సారు అడిగితే, వెనకనుంచి ఎవడో భక్తిగా లేచి, "సార్, ఆ మెయిలు ఎలాగ కొట్టీసినారు?" అన్నాడు.

సారు కేబుల్ ముక్కని బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. అడ్మిషన్లు పెరిగాయని ఓనరు ఆ బోర్డుకి కొత్త రంగు వేయించాడు.