కారు గ్రూపు

ఇవాళ నా కారుకి ఇంజిన్ ఆయిల్ మారుస్తుంటే, ఆ కాలిన నూనె వాసనకి సౌదీలోని జెద్దా గుర్తొచ్చింది. ఆరేళ్ల వయసులో అక్కడ ఓ వర్క్‌షాపు మొత్తాన్ని నేనొక్కడినే గడగడలాడించాను.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. గ్రూపు కలవని రక్తం ఎక్కిస్తే మనిషి బతకడని తను చెప్పగా విన్నాను. మా పాత కారుకి నాన్న ఎప్పుడూ ఇరవై-యాభై అంకెలున్న ఆయిలే పోయించేవాడు. ఆ రోజు అది లేదని పాకిస్తానీ మెకానిక్ పదిహేను-నలభై డబ్బా తెచ్చాడు. "యే భీ చలేగా, భాయ్," ఇదైనా నడుస్తుందన్నాడు. అప్పటికే కారు కింద పళ్లెంలోకి పాత ఆయిల్ నల్లగా కారుతోంది. అది దాని రక్తమే అనుకున్నాను.

"నాన్నా, గ్రూపు వేరే. కారు చచ్చిపోద్ది," అని డబ్బా లాక్కుని పరిగెత్తాను.

అబద్ధం. నాన్న పాంటు పట్టుకుని ఏడ్చానంతే. గడగడలాడింది కూడా నేనే.

మెకానిక్ నవ్వబోతే నాన్న చేత్తో వారించి, అమ్మకి ఫోన్ చేశాడు. "ఇదిగో, గ్రూపు చూడకుండా ఎక్కించనివ్వట్లేదు నీ కొడుకు. నువ్వే చెప్పు," అని ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు.

అమ్మ డ్యూటీలో ఉండి కూడా తొందరపడలేదు. "డబ్బా మీద ఏం రాసుందో చదువు, కన్నా," అంది. ముక్కు ఎగబీలుస్తూ చదివాను. "ఈ ఎండలకి అదీ పడుద్ది. మన కారుకేం కాదు. ఎక్కించమను."

ఆ ఆయిల్ సరిపోతుందని నాన్నకి ముందే తెలుసని ఇప్పుడు అర్థమవుతోంది. అయినా మెకానిక్ డబ్బా మూత తీశాక, నాన్న నా వంక చూస్తూ నిలబడ్డాడు. నేను తలూపాకే పొయ్యమన్నాడు.