వేడి మీద కొలిచిన షాఫ్టు

సోమవారం ఉదయం అయిదింటికి నేలకొండపల్లి సెంటర్లో ఖమ్మం ఆటో ఎక్కాను. మామూలుగా సోమవారాలు నా డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి కాబట్టి ఇంట్లోంచి కాస్త తీరిగ్గానే బయలుదేరతాను. ఆ రోజు మాత్రం పదకొండు కాకముందే పినపాక అవతల ఉన్న మా వర్క్‌షాపులో ఉండాలి. పదకొండింటికి, నూనెలో కాచిన బేరింగును ఒక షాఫ్టుకు తొడుగుతారు. ఆ షాఫ్టు కొలత నేను తప్పు రాశాను. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఐటీఐలో టర్నర్ కోర్సు పూర్తి చేసి, గనులకూ ఫ్యాక్టరీలకూ పెద్ద యంత్రాల భాగాలు తయారు చేసే ఆ వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరి పది నెలలయింది. ఇనుమును తిప్పుతూ కోసే లేతు మిషన్ మీద పని నేర్చుకునే ఆడపిల్లను అక్కడ నేనొక్కదాన్నే. నేర్పేది ఖాజా ఉస్తాద్. ఖమ్మం మనిషి, ముప్పై ఏళ్ల అనుభవం. శనివారం ఆయన మొదటిసారిగా ఒక షాఫ్టు మీద ఆఖరి కోత నన్నే తీయమన్నారు. మనిషంత పొడవు షాఫ్టు, యంత్రంలో తిరిగే ఇనుప ఇరుసు. బేరింగు కూర్చునే చోట వెంట్రుకంత తేడా వచ్చినా పనికిరాదు.

"తీసినంక చల్లారనియ్యి బేటా. చల్లారినంకనే కొలువు" అని చెప్పి ఆయన పక్క మిషన్ దగ్గరికి వెళ్లారు.

కోత పూర్తయ్యేసరికి నాలుగు దాటింది. నాలుగున్నర బస్సు పోతే ఆ వారానికి ఇంటికి వెళ్లడం కష్టం. వేడి మీదే మైక్రోమీటరు పెట్టాను. కొలత సరిగ్గా వచ్చింది. కాగితం మీద రాసి ఉస్తాద్‌కు ఇచ్చాను. "నువ్వు చూసినవ్ గదా" అంటూ కింద సంతకం పెట్టారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాం. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏంది బిడ్డా, వేలు గిట్ల ఎర్రగ కందింది?" అంది.

"షాఫ్టు ముట్టుకున్ననమ్మా. కాలుతుండె."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నాకు తట్టలేదు. వేడికి ఇనుము ఉబ్బుతుంది. నేను కొలిచింది ఉబ్బిన షాఫ్టును. చల్లారితే అది సన్నబడుతుంది. సన్నటి షాఫ్టు మీద బేరింగు పట్టుగా కూర్చోదు, తిరిగేటప్పుడు కటకటలాడుతుంది, ఒక రోజు విరగొచ్చు. సాయంత్రం దాకా, అంత తేడా ఏం రాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండుసార్లు ఉస్తాద్ నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాను. పొద్దున్నే వెళ్లి ఎదురుగా చెబుతాననుకున్నాను. నిజానికి అది భయాన్ని ఒక రోజు వాయిదా వేసుకోవడమే.

ఖమ్మంలో ఆరింటికి కొత్తగూడెం ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక మాట: మణుగూరుకు నేరుగా పోయే బస్సు కోసం ఎదురుచూడకండి, కొత్తగూడెంలో మారడమే నయం. ఎనిమిదికి అక్కడ దిగి, స్టాండు బయట నిలబడి రెండు ఇడ్లీలు తిన్నాను.  ఎనిమిదింపావుకు మణుగూరు బస్సు కదిలింది.

పాల్వంచ దాటాక పక్క సీట్లో ఒకామె కూర్చుంది. యాభై ఏళ్లుంటాయి. పేరు సమ్మక్క. ఒళ్లో చింతపండు మూట. బస్సు భద్రాచలం రోడ్డు వదిలి అశ్వాపురం వైపు తిరిగింది. రెండు వైపులా అడవి మొదలైంది. నేను పది నిమిషాలకోసారి టైము చూసుకుంటున్నాను.

తొమ్మిదిన్నరకు వెనక టైరు పేలింది. దిగి చూస్తే స్టెప్నీలోనూ గాలి లేదు. "ఎనక బస్సు గంటకొస్తది, అందరు దాన్ల ఎక్కుండ్రి" అని కండక్టర్ చెప్పాడు. ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతుంటే సమ్మక్క దగ్గరికి వచ్చింది.

"ఏందే, గంత పరేషాన్ అయితున్నవ్? ఎవలన్న దవాఖానల ఉన్నరా?"

"లేదక్కా. కంపెనీల తప్పు చేసిన. జల్దీ పోయి చెప్పాలె."

"ఎవలు చూసిండ్రు?"

"ఎవలు చూడలే."

"మరెందుకు చెప్పుడు?"

నిన్నంతా నన్ను నేను అడిగినది అదే. "అది గనిల తిరిగే మిషన్ అక్కా. పక్కన మనుషులు నిలబడి పని చేస్తరు" అన్నాను.

ఆమె మూట కండక్టర్‌కు అప్పగించి, "పా, గా గుట్ట మీద ఫోన్ కలుస్తది" అంటూ ముందు నడిచింది. ఎండు టేకాకుల మీద కాళ్లు జారుతుంటే చెయ్యి పట్టుకుని పైకి లాగింది. పైన ఫోన్‌లో సిగ్నల్ రెండు గీతలు కనిపించాయి. ఆమె కాస్త అవతలికి వెళ్లి, తన ఫోన్‌లో నాకు తెలియని భాషలో ఇంటివాళ్లతో మాట్లాడసాగింది. నేను ఉస్తాద్‌కు కలిపాను. ఈసారి కట్ చెయ్యలేదు.

"ఉస్తాద్, నేను సునీతను. శనివారం షాఫ్టు... వేడి మీదనే కొలిచిన. చల్లారనియ్యలే. కాయిదం మీద రాసింది తప్పు."

  మిషన్ల చప్పుడు మధ్య ఆయన అరిచారు, నా మీద కాదు. "ఆపుండ్రి! బేరింగు నూనెలకెళ్లి తియ్యకుండ్రి!" మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చారు. "ఇయ్యాల పనులు ఎక్కువున్నయని తొడుగుడు ముందే పెట్టిండ్రు. బేరింగు కాగింది. ఇంక తొడుగుడే ఉండె. యాడున్నవ్?"

"అడవిల. బస్సు ఖరాబైంది."

"రా" అని పెట్టేశారు.

వెనక బస్సు పదిన్నరకు వచ్చింది. సమ్మక్క దారిలో ఒక స్టేజీ దగ్గర దిగిపోయింది. మణుగూరు నుంచి ఆటోలో వర్క్‌షాపు చేరేసరికి పన్నెండున్నర. షాఫ్టు చుట్టూ ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు, మేనేజర్ కూడా. ఉస్తాద్ మైక్రోమీటరు నా చేతిలో పెట్టారు. అందరి ముందు కొలిచాను. మిల్లీమీటరులో నూటికి అయిదు వంతులు తక్కువ వచ్చింది.

"కాగితం మీద సంతకం ఎవరిది?" అని మేనేజర్ అడిగారు.

"నాదే సార్" అన్నారు ఉస్తాద్.

"కొలిచింది నేను సార్. చల్లారనియ్యమని ఉస్తాద్ చెప్పిండు. బస్సు కోసం నేనే ఆగలే."

మేనేజర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. సాయంత్రానికి ఉస్తాద్‌కు మెమో వచ్చింది. నా అప్రెంటిస్ రికార్డులో కూడా రాశారు. ముప్పై ఏళ్లలో ఆయనకు అదే మొదటి మెమో అని పక్క మిషన్ మీద పనిచేసే అతను చెప్పాడు. క్యాంటీన్‌లో ఉస్తాద్ ఎదురుగా టీ గ్లాసు ముందు పెట్టుకుని ఏడ్చాను.

"నా వల్ల మీకు మెమో వచ్చింది ఉస్తాద్."

"నీ వల్ల గాదు. చూడకుండ సంతకం పెట్టిన. గది నా తప్పు. నీది నీకుంది" అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు పని మాట తప్ప మరో మాట లేదు. తిట్టినా బాగుండేది.

కొలత తగ్గిన ఆ చోట వెల్డింగుతో ఇనుము పోసి, పూర్తిగా చల్లారనిచ్చి, గురువారం మళ్లీ లేతు మీదికి ఎక్కించారు. నేను పక్కకు నిలబడ్డాను. ఉస్తాద్ లేతు చక్రం దగ్గరి నుంచి తప్పుకుని చోటిచ్చారు.

"నేను తియ్య ఉస్తాద్. మీరే తియ్యుండ్రి."

"ఇయ్యాల తియ్యకుంటె ఎన్నడు తియ్యవ్. పట్టు."

పట్టాను. ఆఖరి కోత అయ్యాక మిషన్ ఆపి, గంటసేపు స్టూలు మీద కూర్చున్నాను. కొలిచాను. ఉస్తాద్ తన జేబులోంచి కళ్లజోడు తీసి, తను కూడా కొలిచి, అప్పుడు సంతకం పెట్టారు.

శనివారం నాలుగున్నర బస్సుకు బయలుదేరాను. కిటికీ పక్క సీటు దొరికింది. పది నెలలుగా ఈ దారిన తిరుగుతున్నాను. టేకు చెట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో నిద్రలో కూడా చెప్పగలను. కానీ ఆ వారం వరకు నేను నేర్చుకుంటున్నది చేతిపని అనుకున్నాను. నేను రాసిన అంకెను నమ్మి ఎక్కడో ఒక మనిషి యంత్రం పక్కన నిలబడతాడని, పని అంటే అది కూడానని, ఆ గుట్ట ఎక్కేదాకా నాకు అర్థం కాలేదు.

అశ్వాపురం దాటాక ఫోన్ మోగింది. ఉస్తాద్.

"బేరింగు తొడిగినం. ట్రయల్ నడుస్తుంది. ఇను" అని ఫోన్ యంత్రం దగ్గర పెట్టారు.

చెవికి గట్టిగా అదుముకున్నాను. రెండో చెవి మూసుకున్నాను.

"ఏం వినబడ్తలేదు ఉస్తాద్."

"అవ్ బేటా" అన్నారాయన. గొంతులో నవ్వు ఉంది. "ఏం వినబడొద్దు."