అత్తమ్మ చెప్పిన సాక్ష్యం

నా విడాకుల కేసు మిర్యాలగూడ కోర్టులో నడిచింది. మాది మాడుగులపల్లి దగ్గర ఊరు, గొర్లు కాచుకుని బతికే ఇల్లు. నన్నిచ్చింది కోదాడకు. అక్కడ నా భర్తకు విత్తనాలు, పురుగుమందుల షాపు ఉండేది. బయట అందరితో నవ్వుతూ మాట్లాడే మనిషి. ఇంట్లో మాత్రం నేను గడప దాటితే అనుమానం. ముందు ఫోన్ లాక్కున్నాడు. తర్వాత షాపుకు పోతూ బయట తాళం వేయడం మొదలుపెట్టాడు.

అత్తమ్మ మాతో ఉండేది కాదు. మామయ్య పోయాక కూడా వాళ్ల ఊళ్లోనే బర్రెలను చూసుకుంటూ ఉండిపోయింది. ఒకరోజు మాకు పెరుగు తెచ్చి, తలుపుకున్న తాళం చూసి, కిటికీ దగ్గరికొచ్చి పిలిచింది. ఏడవకుండా చెబుదామనుకున్నాను, నా వల్ల కాలేదు. ఆమె పక్కింట్లో సుత్తి అడిగి తెచ్చి తాళం పగలగొట్టింది. నా బట్టలు సంచిలో కుక్కి, బస్టాండు దాకా తీసుకుపోయి మా ఊరికి బస్సెక్కించింది.

పెద్దమనుషుల పంచాయితీలో తెగలేదు. ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్లి కేసు వేశాను. అతను కౌంటరు వేశాడు: తనకు విడాకులు వద్దట, నేనే ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయానట, నన్ను తిరిగి కాపురానికి పంపాలట.

"ఇద్దరూ ఒప్పుకుంటే తొందరగా అయితది. ఇది కొట్లాట కేసు కదా, జర ఓపిక పట్టాలె" అంది లాయరమ్మ.

జడ్జిగారు మొదట ఇద్దరినీ తన గదిలోకి పిలిచి మాట్లాడారు. అతను తీసుకుపోతానన్నాడు. నేను రానన్నాను. ఆ తర్వాత వాయిదాలు. ఒకసారి జడ్జిగారు సెలవులో ఉండేవారు, ఒకసారి అవతలి లాయరు గడువు అడిగేవాడు. ప్రతి వాయిదాకూ నాన్న మందను బాబాయికి అప్పజెప్పి నాతో వచ్చేవాడు. వరండాలో బెంచీ మీద కూర్చుని, పేరు పిలిచేదాకా గొర్ల ముచ్చట్లు, తన చిన్నప్పటి ముచ్చట్లు చెప్పేవాడు. మా ఇంట్లో నాన్నా నేనూ అంతసేపు మాట్లాడుకున్నది ఎప్పుడూ లేదు. ఆ రోజులు వృథా అయ్యాయని నాకు ఇప్పటికీ అనిపించదు. ఆ మధ్యలోనే సూర్యాపేటలో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం కూడా దొరికింది.

నా సాక్ష్యం రోజున అవతలి లాయరు గట్టిగా అడిగాడు. "తాళం వేసినట్టు మీ మాట తప్ప ఇంకేమైనా ఉందా?" ఏమీ లేదన్నాను. అత్తమ్మను పిలిపిద్దామని మా లాయరమ్మ అంతకుముందే అంది. నేనే వద్దన్నాను. తల్లిని తెచ్చి కొడుకు మీద ఎట్లా నిలబెడతాను?

చివరికి నా భర్తే ఆమెను తెచ్చాడు, తన సాక్షిగా. తల్లి తన మాట దాటదనుకున్నాడేమో. నేను చెప్పకుండా వెళ్లిపోయానని లాయరు రాసిన కాగితం మీద ఆమెతో వేలిముద్ర వేయించాడు. కార్లోంచి దిగి వస్తూ ఆమె నా వైపు చూడలేదు.

బోనెక్కి నిజమే చెబుతానని ప్రమాణం చేసింది. మా లాయరమ్మ లేచి, "మీ కోడలు ఎవరికీ చెప్పకుండ పోయిందని మీరు ఈ కాయితంల చెప్పిండ్రు. నిజమేనా?" అని అడిగింది.

"గట్ల రాసిండ్రా?" అంది అత్తమ్మ. "నాకు చెప్పే పోయింది. నేనే బస్సెక్కిచ్చిన."

అవతలి లాయరు గబుక్కున లేచాడు. జడ్జిగారు ఆయన్ని కూర్చోమని, "ఎందుకు ఎక్కించావమ్మా?" అని అడిగారు.

"బయట తాళమేసుంది సారూ. నేనే పలగ్గొట్టిన. వాడు నా కొడుకే, కాదంటనా? కానీ బర్రెను కట్టేసినా నీళ్లకు ఇడుస్తం."

ఆ మాటలను జడ్జిగారు చెబుతుంటే పక్కనున్నతను టైపు చేశాడు.

బయటికొచ్చేసరికి అతను కారు తీసుకుని వెళ్లిపోయాడు. అత్తమ్మ మెట్ల దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. నాన్న ఆమె దగ్గరికెళ్లి, "రా చెల్లే, చాయ్ తాగుదాం" అన్నాడు. చాయ్ తాగుతూ ఆమె నన్నడిగిన మొదటి మాట, "గింత బక్కగైనవ్, తింటలేవా?" అని. అప్పుడు ఏడ్చాను. అది బాధతో వచ్చిన ఏడుపు కాదు.

ఇంకొన్ని వాయిదాల తర్వాత విడాకులు ఇస్తూ తీర్పు వచ్చింది. అతను పై కోర్టుకు పోలేదు. కొంతకాలం తల్లితో మాట్లాడలేదట. తర్వాత తనే ఊరికి వెళ్లి అన్నం పెట్టమన్నాడని అత్తమ్మే చెప్పింది. నాకు సంతోషమే అనిపించింది.

సూర్యాపేటలో కిరాయికి చిన్న పోర్షన్ తీసుకున్నాను. తాళం చెవి నా సంచిలోనే ఉంటుంది. కళ్లు చూపించుకోవడానికి దవాఖానకు వచ్చినప్పుడల్లా అత్తమ్మ నా దగ్గరే దిగుతుంది. మొన్న వచ్చినప్పుడు పప్పులో కారం లేదని మొహం ముడిచింది.

"మళ్ల పెండ్లి చేసుకోవా బిడ్డా?"

"సూద్దాం అత్తమ్మా."

"చేసుకో, చేసుకోకపో, నీ ఇష్టం. పచ్చిమిరపకాయలైతే కొనుక్కో" అంటూ ఇంకో ముద్ద కలుపుకుంది.