అత్త దగ్గు

బెంగాల్లో, లిలువా రైల్వే క్వార్టర్లలో, నా చిన్నప్పుడు, జబ్బు చేస్తే ఎవరూ పెద్దగా కంగారు పడేవాళ్ళు కాదు. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. జ్వరమొచ్చినా, చెయ్యి విరిగినా, కాన్పొచ్చినా రైల్వే ఆసుపత్రికే వెళ్ళేవాళ్ళం. ఆ మందుల గురించి నాన్న తిరపతి ప్రసాదం గురించి చెప్పినట్టు చెప్పేవాడు. అవి రైల్వే ఉద్యోగి పెళ్ళాం పిల్లలకే గానీ అందరికీ ఇవ్వరన్న సంగతి, మా అత్త దగ్గుతూ మా ఇంటికొచ్చేదాకా నాకు తెలీదు.

అత్తంటే నాన్న చెల్లెలు. మావయ్య ఖిదిర్‌పూర్ డాకుల్లో రోజుకూలీ. ఓడొస్తే పని, లేకపోతే లేదు. వాళ్ళకంటూ ఏ ఆసుపత్రీ లేదు. ఆ ఏడు వానలు తగ్గేసరికి అత్త చిక్కి సగమై వచ్చింది. మాకున్నది ఒకటే గది, నేను ఆవిడ పక్కలోనే పడుకునేదాన్ని. ఒకరోజు ఆవిడ చీర కొంగు ఉతుక్కుంటుంటే రక్తం మరక మా అమ్మ కంటబడింది. ఆ జబ్బు పేరు ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ అర్థమైంది.

రైలు పట్టాలకి అవతల, ఛాతీ జబ్బులకి సర్కారు డిస్పెన్సరీ ఒకటి ఉండేది. మావాళ్ళు దాన్ని ధర్మాసుపత్రి అనేవారు. దిక్కులేనివాళ్ళు పోయే చోటని వాళ్ళ ఉద్దేశం. సచ్చినా ఆడికెల్లనని అత్త మొండికేసింది. తోడబుట్టినదాన్ని అక్కడికి పంపడం నాన్నకీ నామోషీయే. అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి ఒక ఉపాయం పన్నారు. అత్త మా అమ్మ పేరు చెప్పుకుని రైల్వే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆవిడకి బెంగాలీ రాదు, వీధి పిల్లలతో ఆడి ఆడి నాకు బాగా వచ్చు. అందుకని నన్ను తోడు పంపారు. అక్కడ అత్తని "అమ్మా" అనే పిలవాలని నాన్న నాచేత మళ్ళీ మళ్ళీ అనిపించాడు. పట్టుబడితే ఆయన ఉద్యోగమే పోయేదని తర్వాతెప్పుడో తెలిసింది. అంత తెగించాడంటే చెల్లెలంటే ఎంత ప్రాణమో చూడండి.

అక్కడి డాక్టరమ్మని అందరూ దీదీ, అంటే అక్కా అనేవారు. అంతకుముందు ఎండాకాలంలో మా తమ్ముడు పుట్టినప్పుడు మా అమ్మకి కాన్పు చేసింది ఆవిడే. అంతమందిలో మా అమ్మ మొహం ఆవిడకెక్కడ గుర్తుంటుందిలే అనుకున్నారు మావాళ్ళు. నిజంగానే మొహం గుర్తు లేదు. పేరు వినగానే కాన్పు మాత్రం గుర్తొచ్చింది. అత్త వీపు మీద గొట్టం పెట్టి వింటూ, బాబు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాడని నన్ను మామూలుగా అడిగింది. నేను ఠక్కున "అమ్మ దగ్గర" అన్నాను.

అత్తకి ఏమీ అర్థం కాక నవ్వుతూ కూర్చుంది. దీదీ గొట్టం మెడలో వేసుకుని, నన్నొకసారి, అత్తనొకసారి చూసి, లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఈవిడ నీకేమవుతుందని అడిగింది. అత్త అని చెప్పి ఏడుపందుకున్నాను. ఆవిడ తిట్టలేదు, పై వాళ్ళకి చెప్పలేదు. ఇక్కడ ముందు నువ్వెవరని అడుగుతారు, పట్టాల అవతల ఆసుపత్రిలో నీకేమైందని మాత్రమే అడుగుతారు, ఈ జబ్బుకి అక్కడ మంచి మందుంది, ఇవాళే తీసుకెళ్ళు అంది. నేను ఏడుస్తూనే తెలుగులో చెప్పాను.

అత్త మొహం తిప్పేసుకుంది. "ధర్మం మందు నాకొద్దని సెప్పే గుంటా."

అదీ చెప్పాను. దీదీకి కోపం రాలేదు. మీ అత్త పొయ్యి దేంతో వెలిగిస్తుందని అడిగింది. ఇదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. అగ్గిపుల్లతో అన్నాను. అగ్గిపెట్టె కొన్నప్పుడల్లా అందులో కొంత సర్కారుకి పోతుందనీ, బట్ట కొన్నా అంతేననీ, ఆ ఆసుపత్రి అలా అందరి సొమ్ముతో నడిచేదేననీ చెప్పింది. మీ అత్త ఎప్పట్నుంచో ఇస్తూనే ఉంది, తీసుకోవడమే తెలీలేదు అంది. తర్వాత నన్ను చూపించి, "ఈ పిల్ల నీ పక్కలో పడుకుంటుందా? నీ దగ్గు రైల్వే గోడ దగ్గర ఆగదమ్మా. నీకు నయమైతేనే దీనికి భద్రం. అందుకే ఆ మందు అందరికీ ఇస్తారు" అంది.

ఆ మాట తెలుగులో చెబుతుంటే అత్త నా మొహంలోకి చూసింది. లేచి నిలబడింది. అటునుంచటే పట్టాలు దాటి వెళ్ళాం.

అక్కడ మేం అనుకున్న బిచ్చగాళ్ళ వరస ఏదీ లేదు. రిక్షావాడూ, బంగారం కొట్టు బాబూ ఒకే బల్ల మీద కూర్చుని దగ్గుతున్నారు. అత్తకి రోజూ సూదిమందు, ఆపైన గుప్పెడు మాత్రలు. మా ఇంటిల్లిపాదికీ ఛాతీ ఫోటోలు తీశారు, మాకెవరికీ ఏమీ లేదన్నారు. కొన్నాళ్ళకి దగ్గు తగ్గి ఒళ్ళు తేరుకోగానే, ఇంకెందుకులెమ్మని అత్త మానేసింది. మూడోనాడు ఆ ఆసుపత్రి నుంచి ఖాకీ చొక్కా మనిషి ఒకాయన సైకిలు మీద మా క్వార్టరు వెతుక్కుంటూ వచ్చి, ఎందుకు రావట్లేదని నిలదీశాడు. అత్త నోరెళ్ళబెట్టింది. తను రాలేదని తనకోసం ఒకరు వెతుక్కుంటూ రావడం పుట్టాక అదే మొదలట. మర్నాడు అందరికంటే ముందెళ్ళి కూర్చుంది. మళ్ళీ ఒక్కపూట మానలేదు.

ఏడాది పైన పట్టింది. ఆఖరి రోజు అక్కడి డాక్టరు ఫోటో వెలుతురుకి పెట్టి చూసి, ఇంక రానక్కర్లేదన్నాడు. అత్త కదల్లేదు. రెండు చేతులూ జోడించి నిలబడింది. డాక్టరప్పటికే వెనకాయన ఫోటో చూస్తున్నాడు. నర్సు వైపు తిరిగింది, ఆవిడ సూదులు ఉడకబెడుతోంది. జోడించిన చేతులతో గదంతా చూస్తున్న అత్తని నర్సే మెల్లిగా భుజం పట్టుకుని, పక్కకి జరుగు దీదీ, వెనక మనిషి నుంచున్నాడు అంది.

బయటికొచ్చాక అత్త కాసేపు చిన్నబుచ్చుకుంది. పట్టాల దగ్గర గేటు పడి ఉంది. బండి వెళ్ళేదాకా ఆగాం. అప్పుడు తనలో తను నవ్వుకుంటూ అంది: "దండం ఎట్టించుకోడానికి ఆడ ఎవులూ నేరే గుంటా."

తర్వాత అత్త చాలాకాలం బతికింది. నా పెళ్ళికి పందిట్లో అందరికంటే గట్టిగా ఆవిడ గొంతే వినబడింది. ఇప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులు, బీపీ, అన్నీ ఉన్నాయి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, ఇక్కడ ఎవరికి దణ్ణం పెట్టాలా అని చూస్తాను. ఎవరూ కనబడకపోతే, హాయిగా వెళ్ళి వరసలో నిలబడతాను.