రత్నకుమారి ఆంటీ, ఒక్క జేగంట దెబ్బ

కెనడాలో మా బ్రాంప్టన్‌లో, గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే రత్నకుమారి ఆంటీకి ఒక రష్యన్ ఆర్కెస్ట్రా మొత్తం కంఠస్థం. నమ్మకపోతే మీ ఖర్మ. ఆవిడ బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి, కాలేజీకి నేనే టీసీ ఇచ్చి పంపినవాణ్ణి, అబద్ధమాడతానా?

ఆవిడ చిన్నప్పుడు విజయవాడలో రష్యన్ పుస్తకాల ప్రదర్శనలో వాళ్ళ నాన్న కాశీవిశ్వనాథం గారు ఒక రికార్డు కొన్నారు. మాస్కో రేడియో ఆర్కెస్ట్రా వాయించిన చైకోవ్‌స్కీ ఆరో సింఫొనీ. ఆ ఆర్కెస్ట్రా 1930లో పుట్టిందనీ, స్టూడియోలో వాళ్ళు వాయిస్తే దేశమంతా రేడియో ముందు కూచునేదనీ, షొస్తకోవిచ్, ప్రొకోఫియెవ్ లాంటి స్వరకర్తల్నీ వదల్లేదనీ ఆంటీ పోపు వేస్తూ చెబుతుంది. ఆవాలు కూడా తాళంలోనే చిటపటలాడతాయి.

నిరుడు దగ్గర్లోని హామిల్టన్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ సరదాగా వాయించేవాళ్ళ ఆర్కెస్ట్రా ఒకటి ఆ సింఫొనీకే జేగంట కొట్టే మనిషి కావాలంది. ముప్పావు గంట సంగీతంలో చివర్లో ఒక్కటే దెబ్బ, అదీ మెత్తగా. ఆంటీ ఎగిరి గంతేసి చేరింది. తొలి రిహార్సల్లోనే ముందుగా కొట్టేసింది. ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ గలీనా గారు ఆపించి మళ్ళీ మొదలెట్టించింది. మళ్ళీ ముందే. మూడోసారీ అంతే. వచ్చే వారం కూడా ఇలాగే అయితే జేగంట ఇంకొకరికి ఇస్తానంది.

యాభై ఏళ్ళ రికార్డు తప్పు చెబుతుందా అని ఆంటీ అలిగింది. తప్పు పట్టింది గలీనా, ఆంటీ రోజూ కిందికి పంపే చారు ఆగింది నాకు.

చారు కోసం రంగంలోకి దిగాను. రికార్డునీ, ఫోన్లో అదే సింఫొనీనీ పక్కపక్కన పెట్టి విన్నాను. జేగంటకి కాస్త ముందు రికార్డు మీద ముల్లు టక్కున గెంతి, పది సెకన్ల సంగీతం మింగేసింది.

"ఆంటీ, ఇక్కడ గీత ఉంది."

"తెలుసులేరా. ఏడేళ్ళప్పుడు నా గాజు తగిలి పడింది." రికార్డు మీదికి వంగింది. "అంటే, దాని కింద ఇంకా పాట ఉందా?"

ఫోన్లో వినిపించబోతే వద్దంది. వింటే మనుషులు వాయిస్తుండగానే వింటానంది.

తరువాతి రిహార్సల్లో పాత చోటు రాగానే ఆంటీ చెయ్యి లేచింది. సగం హామిల్టన్ ఊపిరి బిగపట్టిందంటే ఒట్టు. చెయ్యి గాల్లోనే ఆగింది. ఎన్నడూ వినని పది సెకన్లు నోరు తెరుచుకుని వింది. అప్పుడు కొట్టింది. ఎంత మెత్తగా అంటే, ఒంటారియో సరస్సులో చేపలు తోకలు ఆపి మరీ విన్నాయి. గలీనా గారు ఆపలేదు.

ఇప్పుడు రికార్డు పెట్టినప్పుడల్లా, గీత దగ్గర ఆంటీ ముల్లు ఎత్తిపట్టి, ఆ పది సెకన్లూ తానే గొంతెత్తి పాడి, మళ్ళీ దించుతుంది. కింద నా సీలింగు లైటు ఉయ్యాలలూగుతుంది. చారు మాత్రం వేళకే వస్తోంది.